మహమ్మారి వేళ పని పోయినవాళ్లకి, వలస కూలీలకి విచారణ (పారిష్, అంటే ఒక చర్చి పరిధిలోని విశ్వాసుల సమాజం) తరఫున ఏం చేయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: కోవిడ్ లాంటిది మళ్లీ వస్తే, కొద్దిపాటి నిధి, కొంతమంది వలంటీర్లు ఉన్న విచారణ ముందు ఏ పని పట్టుకోవాలి, శ్రీసభ (కతోలిక సంఘం) బోధన దీనికేమైనా దారి చూపిస్తుందా అని.

దారి చూపిస్తుంది, అదీ చాలా సూటిగా. కూలివాడు మీవాడైనా పరదేశి అయినా పొద్దుగూకేలోగా అతని కూలి ఇచ్చేయమంటుంది బైబిల్లోని ద్వితీయోపదేశకాండం 24:14-15. పరలోకానికి మొరపెట్టే పాపాల్లో పరదేశి మొరనీ, కూలివాడికి చేసే అన్యాయాన్నీ సత్యోపదేశ గ్రంథం (శ్రీసభ బోధనల అధికారిక పుస్తకం) 1867వ పేరా పక్కపక్కనే పెట్టింది. అంటే సరుకుల సంచి కంటే ముందు కూలి లెక్క అడగాలి. చాలా విచారణలు దీన్ని తలకిందులుగా చేస్తాయి.

ఎవరికి ఇవ్వాలన్నదానికి 2020 జూన్‌లో పోప్ ఫ్రాన్సిస్ రోమ్ మేత్రాసనంలో (ఒక బిషప్పు పరిధిలోని ప్రాంతం) పెట్టిన నిధి మంచి నమూనా. పది లక్షల యూరోలతో మొదలైన ఆ నిధి రోజుకూలీలు, ఇళ్లలో పనిచేసేవాళ్లు, గంటల లెక్కన జీతం తీసుకునేవాళ్లు, కాంట్రాక్టు ముగిసి మళ్లీ పిలుపు రానివాళ్ల కోసం. సర్కారు సాయం ఎవరిదాకా రాదో వాళ్ల దగ్గర మొదలుపెట్టడమే అందులోని కిటుకు.

మొదటి పని జాబితా. దాన్ని కాంట్రాక్టరు దగ్గర తీసుకోకండి. అతను ఎవరికి బాకీ ఉన్నాడో సరిగ్గా వాళ్ల పేర్లే అందులో ఉండవు. పూజ తర్వాత గుడి దగ్గర రాసుకున్నా చాలదు, గుడికి వచ్చేవాళ్లే అందులో మిగులుతారు. కూలీలు ఉండే ప్రతి బసలోంచి ఒకరిని మీ కమిటీలోకే తీసుకుని వాళ్లచేత రాయించండి. పిలిచే పేరు, ఫోన్ నంబరు, గదిలో ఎంతమంది, ఏ భాష, చివరిసారి కూలి అందిన తేదీ, షుగరు బీపీ మందులు వాడేవాళ్లు, గర్భిణులు: ఇంతే చాలు. వీసా సంగతి రాయొద్దు, పాస్‌పోర్టు జిరాక్సు అడగొద్దు, మతం అసలే వద్దు. ఆ కాగితం ఒక్కసారి బయటికి పొక్కిందంటే జ్వరం వచ్చినవాడు కూడా డాక్టరు దగ్గరికి రాకుండా దాక్కుంటాడు. సంచి చేతికిస్తూ ఫొటోలు తీసే అలవాటుంటే మానేయండి.

తిండికి అత్యవసర సాయంలో వాడే లెక్క మనిషికి రోజుకి 2,100 కేలరీలు. సుమారుగా 450 గ్రాముల బియ్యమో పిండో, 60 గ్రాముల పప్పు, 30 గ్రాముల నూనె. పదిమంది ఉన్న గదికి రెండు వారాలకి 63 కిలోల ధాన్యం, 8.4 కిలోల పప్పు, 4.2 కిలోల నూనె పడుతుంది. ఎక్కువగా దెబ్బతినేది పొయ్యి దగ్గర. సరుకులుంటాయి, వండడానికి గ్యాసూ గిన్నే ఉండవు. దుకాణాలు తెరిచి ఉంటే డబ్బే మేలు, అదీ మేస్త్రీ ఖాతాలోకి కాదు, మనిషి చేతికే.

ఇక ఇరుకు గదులు. మంచాల మధ్య కనీసం ఒక మీటరు, ఒకరి తలవైపు పక్కవారి కాళ్లు వచ్చేట్టు వేయించండి. జబ్బుపడినవాణ్ణి విడిగా ఉంచాలని చెప్పేస్తే సరిపోదు, గది ఎక్కడుంది? ఇలాంటప్పుడు విచారణ హాలు తెరవాలి. ఎన్నాళ్లుంచాలో ఆనాటి జబ్బును బట్టి ఆరోగ్యశాఖ చెప్పినట్టు చేయండి. నేల తుడవడానికి 5 శాతం బ్లీచు ఒక వంతుకి నీళ్లు 49 వంతులు, ఏ రోజుకారోజు కలపాలి, నిల్వ ఉంటే పదును పోతుంది. టాయిలెట్ యాసిడ్‌తో మాత్రం కలపనివ్వకండి, విషవాయువు వస్తుంది. హెచ్చరికలు అచ్చు కాగితాల్లో కంటే వాళ్ల భాషలో వాయిస్ మెసేజీగా పంపితే వింటారు.

ఇప్పుడు కూలి. మనిషి ఇంకా పనిచోటే ఉండగా రాయించాలి, ఊరు చేరాక సాక్ష్యం దొరకదు. పనిచేసిన తేదీలు, రోజు రేటు, ముట్టిన సొమ్ము, అడ్వాన్సు కింద కోసుకున్నది, సైటు చిరునామా, అసలు యజమాని ఎవరు, మధ్యలో కాంట్రాక్టరు ఎవరు. మేస్త్రీ పంపిన మెసేజీలు, హాజరు పుస్తకం ఫొటో కూడా భద్రం చేయండి. రెండు ప్రతులు రాసి, ఒకటి కూలీ దగ్గరే ఉంచాలి. లెక్క సెటిలైందని ఖాళీ కాగితం మీద వేలిముద్ర అడుగుతారు, వేయొద్దని ముందే చెప్పండి. యజమాని గుర్తింపు పత్రాలు దగ్గర పెట్టుకోవడం, కూలి బిగబట్టడం, రెండూ అంతర్జాతీయ కార్మిక సంస్థ చెప్పే నిర్బంధ చాకిరీ సూచికల్లో ఉన్నాయి. ఫిర్యాదులో ఈ మాట రాస్తే అధికారులు తేలిగ్గా పక్కన పెట్టలేరు.

యజమాని ఇంట్లోనే ఉండే పనిమనిషి ఫోన్‌లో నోరు విప్పలేదు. ఆమెకి వీలైన వేళ కనుక్కుని, అవును కాదు అంటే సరిపోయే ప్రశ్నలే అడగండి: జీతం అందిందా, బయటికి వెళ్లనిస్తున్నారా, పాస్‌పోర్టు నీ దగ్గరే ఉందా.

కొంచెం ఇబ్బందైన మాట. విరాళమిచ్చే పెద్దల్లో కొందరు తామే యజమానులు. కానుకలు అడిగేముందు, పనికి రావొద్దన్న నెలకి కూడా పనిమనిషికి జీతమివ్వమని ఫాదర్‌గారు ప్రసంగంలో అడగాలి. దీనికి విచారణకి పైసా ఖర్చు లేదు, లాభం మాత్రం వెంటనే.

నిధిలో మూడో వంతైనా మొదటి నెలలో ముట్టుకోకుండా ఉంచండి. లాక్‌డౌన్ ఎత్తేశాకే కార్మిక శాఖ ఆఫీసులు మామూలుగా పనిచేస్తాయి. ఫిర్యాదు తేదీలకి రావడానికి చార్జీలు, దుబాసీ ఖర్చు, పోయిన ఆ రోజు కూలి అప్పుడు కావాలి.