వరంగల్‌లో ఒక్కరోజే ఉంటే ముందు కోటకి వెళ్ళండి

ఫ్యామిలీతో వరంగల్ వస్తున్నాం, ఒక్కరోజే టైముంది, వేయి స్తంభాల గుడి, భద్రకాళి, రామప్ప చూస్తే సరిపోతుందా అని అడిగారు. సరిపోదండి. మీ లిస్టులో అసలు కోటే లేదు. కాకతీయుల రాజధానికి వచ్చి కోట చూడకుండా పోతే ఇంకేం చూసినట్టు?

నేను పుట్టి పెరిగింది ఇక్కడే, చిన్నప్పుడు స్కూలు వాళ్ళతో కూడా వెళ్ళాను, కానీ కోటని నిజంగా చూసింది మాత్రం మా బాపుతో వెళ్ళిన రోజే. బాపు ముప్పై ఏళ్ళు తాపీ పని చేసిన మనిషి. ఊరి నుంచి చుట్టాలొస్తే చూపిద్దామని ఆటో మాట్లాడుకున్నాం, ఆటో అతను "కోటల ఏముంటది సార్, అన్ని రాళ్ళే" అన్నాడు, నాకు ఎంత కోపమొచ్చిందో. లోపలికెళ్ళాక చుట్టాలు పెద్ద రాతి ద్వారంలా ఉండే తోరణం ముందు నాలుగు ఫొటోలు దిగి చెట్టు నీడకి పోయారు. బాపు మాత్రం కోట మధ్యలో ఉన్న స్వయంభూ శివుడి గుడి శిథిలాల్లో ఒక్కో రాయి దగ్గర ఆగుతూ పోతున్నాడు, మోకాళ్ళ నొప్పి ఉన్న మనిషి, పిలిచినా పలకడు. ఒక చోట కింద పడున్న స్తంభం ముక్క పక్కన గొంతుకూర్చుని దాని మీదున్న గుంటలో వేలు పెట్టి, "పై రాయి గిండ్ల వచ్చి కూసుంటది బిడ్డా. సిమెంట్ లేదు ఏం లేదు. మట్టం ఎట్ల చూసిండ్రో" అన్నాడు. తర్వాత చాలాసేపు మాట్లాడలేదు.

ఆ గుడికి నాలుగు దిక్కులా నాలుగు తోరణాలు. తెలంగాణ రాజముద్రలో ఉన్నది ఈ తోరణమే. పైన హంసలు, మొగ్గలు, దండలు తప్ప దేవుడి బొమ్మలు కనపడవు, అందుకే ఎవరూ కూల్చలేదని ఇక్కడ అందరూ చెప్తారు, నేనూ అదే నమ్ముతాను. 1323లో కాకతీయుల చివరి రాజు ప్రతాపరుద్రుడు ఢిల్లీ సేనకి ఓడిపోయాక మధ్యలో గుడి పోయింది, తోరణాలు నిలిచాయి. గణపతిదేవుడు, రుద్రమదేవి కట్టించిన కోట ఇది, మట్టి గోడ లోపల రాతి గోడ, శత్రువు నేరుగా దూసుకురాకుండా దర్వాజా దగ్గర దారి మలుపు తిరుగుతుంది. కారులో సర్రున పోతే ఆ మలుపు ఎందుకుందో మీకు తెలియదు, కాబట్టి అక్కడ దిగి నడవండి. ఇంకో మాట, రాళ్ళ మీద మేకుతో పేర్లు గీకేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండిపోతుంది, ఏడొందల ఏళ్ళ పైబడిన రాయి మీద మీ పేరెందుకయ్యా?

వేయి స్తంభాల గుడి కూడా చూడాల్సిందే, రుద్రదేవుడు 1163లో కట్టించాడు, శివుడు, విష్ణువు, సూర్యుడు ముగ్గురికీ ఒకే చోట. పక్కనున్న కల్యాణ మండపాన్ని రాయి రాయి విప్పి మళ్ళీ పేర్చడానికి ఎన్నేళ్ళు పట్టిందో, చివరికి 2024లో తెరిచారు. బాపు దాన్ని చూడ్డానికే మళ్ళీ వెళ్ళొచ్చాడు.

రామప్పని మాత్రం ఇదే రోజులో ఇరికించకండి. 1213 నాటి గుడి, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది, నీళ్ళ మీద తేలే ఇటుకలు, అన్నీ నిజమే, కానీ ఆ గుడి ఉన్న పాలంపేట ఇక్కడి నుంచి 65 కిలోమీటర్ల పైనే ఉంటుంది, పోను రాను సగం రోజు అయిపోతుంది. దానికి ఇంకోసారి రండి.

పొద్దున్నే ఎండ ముదరకముందే కోట, పక్కనే ఖుష్ మహల్ అనే పాత దర్బారు భవనం, మధ్యాహ్నం వేయి స్తంభాలు, సాయంత్రం భద్రకాళి చెరువు కట్ట. పిల్లలుంటే స్వయంభూ గుడి దగ్గర పడున్న రాళ్ళలో గుంట ఉన్నది ఒకటి వెతికి చూపించండి, పై రాయి అందులో ఎలా కూర్చుంటుందో చెప్పండి.