ముందు ఒక్క మూడు నిమిషాల ఫిల్మ్ తీయనివ్వండి

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ సెకండియర్. తొమ్మిదేళ్లుగా కూచిపూడి నేర్చుకుంటోంది. కరోనా రోజుల్లో ఒక డాన్స్ కంపెనీ కళాకారులు ఆన్‌లైన్ ప్రదర్శన కోసం ఎవరికి వారు తీసిన చిన్న నృత్య చిత్రాలు చూసి, తానూ అదే చేస్తానంటోంది. వాళ్ల నాన్న బీటెక్ అంటున్నారు. ఇంట్లో రోజూ టెన్షనే. ఇది అసలు కెరీరేనా?
- ఒక తల్లి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: అమ్మా, 2020లో థియేటర్లు మూతపడ్డప్పుడు చాలా దేశాల్లో కంపెనీ డాన్సర్లు ఇలాంటి ఫిల్ములు తీశారు. అంతవరకు మరొకరు కూర్చిన నాట్యం చేసినవాళ్లు, మేడ మీద ఫోన్ నిలబెట్టి, కూర్పు, షూటింగ్, ఎడిటింగ్ అన్నీ తామే చేసుకున్నారు. అంటే ఇందులో రెండు విద్యలున్నాయి. మీ అమ్మాయికి నాట్యం వచ్చు. కెమెరా పని ఇష్టమో కాదో ఆమెకే ఇంకా తెలియదు.

అది తేలడానికి, ఈఏపీసెట్ రాశాక దొరికే సెలవుల్లో ఒక్క మూడు నిమిషాల ఫిల్మ్ తీయనివ్వండి. ఫోన్ చాలు. కూచిపూడిలో ఇత్తడి పళ్లెం అంచుల మీద నిలబడి ఆడే అంశం తరంగం. అందులోని పళ్లెం మీది నాట్యాన్నే తీసుకోమనండి. వేదిక ముందు కూర్చున్నవాళ్లకు పాదాలూ ముఖమూ ఒకేసారి కనిపిస్తాయి. కెమెరాలో ముఖం దగ్గరగా చూపిస్తే పళ్లెం కనిపించదు, పళ్లెం చూపిస్తే అభినయం పోతుంది. ఏ జతి (తాళానికి తగ్గ అడుగుల వరస) దగ్గర ఏది చూపాలో తేల్చుకోవడమే ఇందులో అసలు కష్టం, అసలు ఆనందం కూడా. చివరి వరుసకు అందాలని అలవాటు చేసుకున్న కనుబొమల కదలిక క్లోజప్‌లో అతిగా ఉంటుంది, తగ్గించుకోవాలి. కెమెరాకు దగ్గరగా వస్తే చోటు ఇరుకు. చెయ్యి చాపితే ఫ్రేమ్ దాటిపోతుంది.

ఇదంతా విసుగనిపిస్తే ఆమె మనసు వేదిక మీదే ఉందన్నమాట. దానికి విజయవాడలో ఘంటసాల ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల, కూచిపూడిలో సిద్ధేంద్రయోగి కళాపీఠం ఉన్నాయి. అలా కాకుండా భోజనం కూడా మరిచి ఎడిటింగ్ దగ్గరే కూర్చుంటే, డిగ్రీ తర్వాత పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎడిటింగ్ కోర్సుకు ప్రయత్నించవచ్చు. బీటెక్ చేసినవాళ్లూ దానికి అర్హులే. కాబట్టి వాళ్ల నాన్నగారితో ఇప్పుడే తగవు అక్కర్లేదు. ఆయన్ను ఒక్క మాట మాత్రం అడగండి: కాలేజీలో చేరినా సాధన ఆగనివ్వకూడదని. హాస్టల్‌కి వెళ్తూ గజ్జెలు అటకెక్కించిన పిల్లల్ని చాలామందిని చూశాను. నాలుగేళ్ల తర్వాత మళ్లీ కట్టుకోవడానికి వాళ్లు పడే బాధ చూడలేం.

డబ్బు సంగతి దాచను. ఈ ఫిల్ములు ఒక్కటే చేస్తూ ఇల్లు గడవడం కష్టం. పాఠాలు చెప్పడం, ఇతరుల ప్రదర్శనలు షూట్ చేసి ఎడిట్ చేసివ్వడం తోడుండాలి. కేంద్ర సాంస్కృతిక శాఖ 18 నుంచి 25 ఏళ్ల లోపు యువ కళాకారులకు నెలకు 5,000 రూపాయల చొప్పున రెండేళ్లు స్కాలర్‌షిప్ ఇస్తుంది. శాస్త్రీయ నృత్యం అందులో ఉంది. వయసు రాగానే దరఖాస్తు చేయించండి.

ఫిల్మ్ మొదలుపెట్టే ముందు ఒక పని. గురువుగారు కూర్చిన అంశమైతే ఆయన అనుమతి అడగాలి. సొంత కూర్పైతే జతులతో సహా నోటుబుక్కులో రాసి తేదీ వేసుకోమనండి; 1957 కాపీరైట్ చట్టం నాట్యకూర్పుకు రక్షణ ఇస్తుంది, కానీ అది రాతలోనో మరో రూపంలోనో నమోదై ఉండాలి. సంగీతానికి ఎవరిదో రికార్డింగ్ వాడే బదులు, గురువుగారు ఒప్పుకుంటే ఆయన నట్టువాంగమే (తాళాలు వేస్తూ జతులు చెప్పడం) ఫోన్‌లో రికార్డ్ చేసుకోవచ్చు.