"షి కెన్ గోస్" ఎందుకు తప్పు?

ఇంగ్లీష్‌లో "షి గోస్" సరైనదే కదా, మరి "కెన్" తర్వాత "గోస్" ఎందుకు రాదని అడిగారు. కెన్, కుడ్, విల్, షుడ్, మైట్, మస్ట్ లాంటి మోడల్ క్రియల (వీలు, అవసరం, ఊహ లాంటి అర్థాలిచ్చే సహాయక క్రియల) తర్వాత అసలు క్రియ మూలరూపంలోనే ఉండాలి, కర్త ఎవరైనా సరే: "షి కెన్ గో", "దే మస్ట్ గో". మధ్యలో "టు" కూడా రాదు. "ఆట్ (ought) టు గో" మాత్రం మినహాయింపు.

అసలు తికమకంతా జరిగిపోయిన పనుల దగ్గరే. "షుడ్ వెంట్" అనకూడదు. "షి షుడ్ హ్యావ్ గాన్" అనాలి, అంటే ఆమె వెళ్లాల్సింది, కానీ వెళ్లలేదు. "మస్ట్ హ్యావ్ గాన్" అంటే వెళ్లే ఉంటుందని గట్టి ఊహ. "మైట్ హ్యావ్ గాన్" అంటే వెళ్లి ఉండొచ్చు, అంత నమ్మకం లేదు. కర్త "షి" అయినా ఇక్కడ "హ్యాజ్" పెట్టకండి, మోడల్ పక్కన వచ్చేది మూలరూపమే కాబట్టి.