వేల్ షార్క్ దగ్గరికి వెళ్లే ముందు ఊపిరి సంగతి చూసుకో

అమ్మలూ,

చేపల్లోకెల్లా పెద్దవైన వేల్ షార్క్‌లతో స్నార్కెలింగ్ (గొట్టంతో ఊపిరి తీసుకుంటూ నీళ్ల మీద ఈదడం) చేసే డే ట్రిప్‌కి వెళ్లాలనుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. ఏ దేశం వెళ్లాలి, ఏ కెమెరా కొనాలి అని నువ్వు పెట్టిన మెసేజ్ కూడా చూశాను. వాటికి జవాబు రాస్తాను గానీ, ముందు నువ్వు అడగని విషయం చెప్పాలి. ఇవాళ్టి నుంచి ట్రిప్ రోజు దాకా నువ్వు నేర్చుకోవాల్సింది ఒకటే: నీళ్లలో ముఖం పెట్టి, గొట్టంలోంచి, నింపాదిగా ఊపిరి తీసుకోవడం. అది వచ్చాక మిగతావి చాలావరకు వాటంతటవే కుదురుకుంటాయి.

నీకు ఈత వచ్చని నాకు తెలుసు. అయినా చెబుతున్నాను. స్విమ్మింగ్ పూల్‌లో ఈదడం వేరు, అడుగు కనిపించని నడిసముద్రంలో పడవ మీంచి దిగడం వేరు. బాగా ఈదేవాళ్లు కూడా అక్కడ మొదటి నిమిషంలో తడబడటం చాలాసార్లు చూశాను. చుట్టూ నీలం తప్ప ఇంకేమీ ఉండదు. ముక్కు మూసుకుపోయి ఉంటుంది, నోట్లో గొట్టం ఉంటుంది, అంతలో బస్సంత చేప ఎదురుగా వస్తుంది. టెన్షన్‌లో ఊపిరి పైపైన ఆడటం మొదలవుతుంది. అలా పొట్టి పొట్టి ఊపిర్లు తీస్తే గొట్టంలో మిగిలిపోయిన పాత గాలే మళ్లీ లోపలికి వస్తుంది, ఆయాసం ఇంకా పెరుగుతుంది. దాంతో తల పైకెత్తేస్తారు. తల లేస్తే కాళ్లు కిందికి దిగిపోతాయి, ఈత ఆగిపోతుంది. ఈలోగా షార్క్ తన దారిన తాను వెళ్లిపోతుంది.

అందుకని కనీసం నెల ముందు నుంచి పూల్‌కి వెళ్లు. నడుం లోతు నీళ్లలో నిలబడి మాస్క్, గొట్టం పెట్టుకుని ముఖం మాత్రం ముంచు. తీసుకునే ఊపిరి కంటే వదిలే ఊపిరి పొడుగ్గా ఉండాలి. నీ చెవికి నీ ఊపిరి చప్పుడు వినిపిస్తుంది, దాన్నే వింటూ ఉండు. తర్వాత కాళ్లూ చేతులూ కదపకుండా బోర్లా తేలుతూ పది నిమిషాలు ఉండిపో. ఇది విసుగ్గా ఉంటుంది, కానీ అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చే సాధన ఇదే. ఆ తర్వాత కావాలనే గొట్టంలోకి నీళ్లు రానిచ్చి, "తూ" అని ఒక్కసారి గట్టిగా ఊది బయటికి కొట్టడం నేర్చుకో. ముఖం నీళ్లలోంచి తీయకుండానే చేయాలి. చివర్లో ఫిన్స్ (పాదాలకు తొడిగే రెక్కలు) వేసుకుని, గట్టు మీద కూర్చుని నీళ్లలోకి జారి, జారిన మరుక్షణం ముఖం కింద పెట్టడం అలవాటు చేసుకో. పడవ దగ్గర జరిగేది అదే. ఫిన్స్‌తో మోకాళ్లు మడిచి తొక్కకు, తుంటి దగ్గర నుంచి కాలు మొత్తం ఊపు. ఫిన్ నీళ్ల పైకి లేచి చప్పుడు చేస్తోందంటే శక్తి వృథా అవుతున్నట్టే. ఆగకుండా రెండు వందల మీటర్లు ఈది, పెద్దగా ఆయాసం లేకుండా మాట్లాడగలిగితే నువ్వు సిద్ధం.

మాస్క్ నీ సొంతది ఉండాలి. మిగతా సామాను వాళ్లిస్తారు, తీసుకో. షాపులో పట్టీ తల వెనక్కి వేసుకోకుండా మాస్క్‌ను ముఖానికి ఆనించి ముక్కుతో గాలి లోపలికి పీల్చు. చేయి వదిలేసినా అతుక్కుని ఉంటే అది నీ ముఖానికి సరిపోయినట్టు. కొత్త మాస్క్ అద్దం మీద తయారీలో మిగిలిన పలచని పొర ఉంటుంది, టూత్‌పేస్ట్‌తో లోపలి వైపు రెండు మూడుసార్లు రుద్ది కడిగితే పోతుంది. లేకపోతే ఎంత చేసినా ఆవిరి పడుతుంది. ముఖం మొత్తం కప్పే మాస్క్‌లు వద్దు. లోపల నీళ్లు చేరితే వాటిని త్వరగా వదిలించుకోవడం కష్టం, చాలామంది ఆపరేటర్లు వాటిని ఒప్పుకోరు కూడా.

ఇక ఎక్కడికి అన్న ప్రశ్న. నా మనసులో మొదటి స్థానం పశ్చిమ ఆస్ట్రేలియాలోని నింగలూ రీఫ్‌ది. మార్చి నుంచి జూలై దాకా సీజన్. మార్చి, ఏప్రిల్ నెలల్లో పౌర్ణమి తర్వాత కొన్ని రాత్రులు అక్కడి పగడాలు ఒకేసారి గుడ్లు వదులుతాయి, ఆ రోజుల్లో నీళ్లలో తిండి పెరుగుతుంది, షార్క్‌లు వస్తాయి. ఎక్స్‌మౌత్ నుంచీ, కోరల్ బే నుంచీ పడవలు బయల్దేరతాయి. చిన్న విమానం పైన తిరుగుతూ నీళ్లలో నీడను పట్టుకుని పడవకు చెబుతుంది. నాకు నచ్చేది అక్కడి క్రమశిక్షణ. ఒక షార్క్ చుట్టూ 250 మీటర్ల వలయంలో ఒక్క పడవే ఉండాలి. నీళ్లలో ఒకసారికి 10 మందికి మించకూడదు. ఒంటి నుంచి 3 మీటర్లు, తోక నుంచి 4 మీటర్లు దూరం పాటించాలి. ముట్టుకోకూడదు, ఫ్లాష్ వాడకూడదు. ఈ నియమాలు కాగితం మీదే ఉండిపోవు, గైడ్లు నిజంగా పాటింపజేస్తారు.

మాల్దీవుల్లో సౌత్ ఆరి అటోల్ దగ్గర ఏడాది పొడవునా కనిపిస్తాయి. మన సెలవులతో నింగలూ సీజన్ కలవకపోతే అది మంచి దారి. కాకపోతే రద్దీ రోజుల్లో ఒక్క షార్క్ మీదికి నాలుగైదు పడవలు చేరతాయి, కాబట్టి అక్కడ ఆపరేటర్‌ను ఎంచుకోవడంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. మెక్సికోలో ఇస్లా ముహేరెస్ దగ్గర మే మధ్య నుంచి సెప్టెంబర్ మధ్య దాకా చేప గుడ్లు తినడానికి గుంపులుగా వస్తాయి. అక్కడ గైడ్‌తో పాటు ఇద్దరిద్దరినే నీళ్లలోకి దింపుతారు. ఫిలిప్పీన్స్‌లో డొన్సోల్ ఉంది, తిండి వేయకుండా వెతికి చూపిస్తారు, ఒక్కోరోజు అసలు కనిపించవు.

అదే దేశంలో ఓస్లోబ్ ఉంది. ఫొటోలు చూసి నువ్వు దానివైపే మొగ్గుతున్నావని మీ అమ్మ మాటల్ని బట్టి అర్థమైంది. వద్దమ్మా. 2011 ప్రాంతం నుంచి అక్కడ రోజూ పొద్దున్నే పడవల మీంచి రొయ్యపొట్టు లాంటి తిండి వేసి షార్క్‌లను ఒడ్డు దగ్గరే ఉంచుతున్నారు. చూడటం ఖాయం, చవక, దగ్గర. కానీ మహాసముద్రాలు దాటుతూ తిరగాల్సిన ప్రాణి తిండి కోసం పడవల చుట్టూ నిలబడటానికి అలవాటు పడితే, ఇంజిన్ చప్పుడు వినగానే తప్పుకోవాల్సింది పోయి దగ్గరికి వస్తుంది. అక్కడి షార్క్‌ల ఒంటి మీద పడవల వల్ల అయిన గాయాల గురించి పరిశోధకులు రాశారు. ఆ చేపలు పెరిగి పిల్లల్ని కనే వయసుకు రావడానికి సుమారు 25 ఏళ్లు పడుతుంది. 2016 నుంచి అవి అంతరించిపోయే ప్రమాదం ఉన్న జాతుల జాబితాలో ఉన్నాయి. అక్కడ ఆ చేపలతో బతుకు గడుపుకుంటున్న మనుషుల మీద నాకు కోపం లేదు, కానీ నా మాట అడిగితే మాత్రం నీ డబ్బు దానికి వెళ్లకూడదు.

బుక్ చేసే ముందు ఆపరేటర్‌కి మెయిల్ రాసి అడుగు: తిండి వేస్తారా, ఒక్కో గైడ్‌తో ఎంతమంది నీళ్లలోకి దిగుతారు, షార్క్ కనిపించకపోతే ఏం చేస్తారు, వాతావరణం బాగోక రద్దయితే డబ్బు వెనక్కి ఇస్తారా. "గ్యారంటీగా చూపిస్తాం, ముట్టుకోవచ్చు" అని రాసినవాళ్ల దగ్గరికి వెళ్లకు. అడవి ప్రాణి విషయంలో గ్యారంటీ ఇస్తున్నారంటే దాని వెనక తిండి బకెట్ ఉందేమో చూడాలి. ట్రిప్‌ను ఊళ్లో దిగిన మొదటి రోజుల్లోనే పెట్టుకో, చివరి రోజుకి వద్దు. గాలి ఎక్కువై రద్దయినా మర్నాడు వెళ్లొచ్చు.

ఆ రోజు పొద్దున్న ఖాళీ కడుపుతో వెళ్లకు, నూనె తిండీ తినకు. పడవలో కడుపులో తిప్పుతుందనే అనుమానం ఉంటే మాత్ర బయల్దేరడానికి ఓ గంట ముందే వేసుకోవాలి, తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే లాభం లేదు. కొన్ని మాత్రలకి నిద్ర ముంచుకొస్తుంది, అందుకే ఏది వాడాలో డాక్టర్‌ని అడిగి, ఇంటి దగ్గర ఒకసారి వేసుకుని చూడు. పడవలో వెనక వైపు, ఇంజిన్ పొగ రాని చోట కూర్చుని దూరంగా ఆకాశం, నీళ్లు కలిసే గీత వైపు చూడు. ఫోన్ చూడొద్దు. సన్‌స్క్రీన్ కంటే పొడుగు చేతుల రాష్‌గార్డ్ (ఒంటికి అతుక్కునే ఈత చొక్కా) మేలు, ఎందుకంటే క్రీములోని కొన్ని రసాయనాలు పగడాలకు మంచివి కావు. బోర్లా తేలతావు కాబట్టి ఎండ తగిలేది మెడ వెనక, మోకాళ్ల వెనక. ఆ రెండు చోట్లా కప్పుకో. నెలసరి అయితే వెళ్లొచ్చా అని నువ్వు మొహమాటపడి అడగకపోవచ్చు. నిక్షేపంగా వెళ్లొచ్చు.

ఇప్పుడు అసలు ఘట్టం. షార్క్ వెళ్లే దారికి ముందుగా పడవను తీసుకెళ్లి ఆపుతారు. మీరంతా వెనక మెట్టు మీద వరసగా కూర్చుంటారు. దిగమనగానే దూకకు, చప్పుడు లేకుండా జారు. జారగానే ముఖం నీళ్లలో పెట్టి గైడ్ చేయి ఎటు చూపిస్తోందో అటు చూడు. మొదట ఏమీ కనిపించదు. తర్వాత నీలంలోంచి వెడల్పాటి, తెల్లగీతలాంటి నోరు, ఆ తర్వాత చుక్కలు. అది నీ వైపే వస్తోంటే కంగారుపడకు, దానికి నీతో పని లేదు. తినేది ప్లాంక్టన్ (నీళ్లలో తేలే సూక్ష్మజీవులు), చేప గుడ్లు, చిన్న చిన్న చేపలు. నువ్వు చేయాల్సింది దారి ఇవ్వడం. పక్కకి జరుగు, ముందుకు మాత్రం వెళ్లకు.

పక్కన వెళ్లనిచ్చి, దాని పక్క రెక్కకి తిన్నగా, 3 మీటర్ల దూరంలో చోటు పట్టుకుని ఈదు. అక్కడి నుంచి కన్ను, మొప్పలు, ముందు ఈదే చిన్న పసుప్పచ్చ చేపలు, పొట్టకింద అతుక్కున్న రెమోరా చేపలు అన్నీ కనిపిస్తాయి. తోక వైపు ఉండకు. అది మెల్లగా ఊగుతున్నట్టే ఉంటుంది, కానీ దెబ్బ తగిలితే మామూలుగా ఉండదు. నువ్వు గట్టిగా కొట్టుకుంటే తొందరగా అలిసిపోతావు, నింపాదిగా ఊపితే కొంచెం ఎక్కువసేపు పక్కన ఉంటావు. అది ఒరిగి వీపు నీ వైపు తిప్పితే, లేదా కన్ను లోపలికి లాక్కుంటే ఇబ్బంది పడుతోందని అర్థం. వెంటనే దూరం జరుగు. కిందికి దిగిపోతే వదిలెయ్యి, వెంట మునగకు. తలెత్తి గైడ్ దగ్గరికి చేరు, పడవ వచ్చి ఎక్కించుకుంటుంది. రెండో గుంపు దిగుతుంది, మళ్లీ నీ వంతు వస్తుంది. ఒక్కోసారి అరనిమిషం, ఒక్కోసారి చాలాసేపు. మొదటిసారి దిగినప్పుడు కెమెరా పడవలోనే వదిలెయ్యి. ఇది మాత్రం నా కోసం తప్పకుండా చెయ్యి.

ఆయాసం అనిపిస్తే మొండికెయ్యకు. వెల్లకిలా తిరిగి, గొట్టం తీసేసి, చేయి పైకెత్తి ఊపు. అంతా బాగుందని చెప్పాలంటే తల మీద పిడికిలి పెట్టు. నీ చిన్నప్పటి ఉబ్బసం సంగతి ఆపరేటర్ ఇచ్చే ఫారంలో దాచకు, ఇన్‌హేలర్ పడవలో గైడ్‌కి ఇచ్చి ఉంచు. బయల్దేరే ముందు డాక్టర్‌తో మాట్లాడటం నీ విషయంలో తప్పనిసరి.

కెమెరా సంగతి: ఖరీదైనది అక్కర్లేదు, మణికట్టుకు కట్టుకునే చిన్న యాక్షన్ కెమెరా చాలు. రెండోసారి దిగినప్పుడు ఎడమ పక్కన మొప్పల వెనక, పక్క రెక్క పైన ఉండే భాగాన్ని ఒక్క ఫొటో స్పష్టంగా తీయి. అక్కడి చుక్కల అమరిక ఏ రెండు షార్క్‌లకూ ఒకేలా ఉండదు. ఆకాశంలో నక్షత్రాల గుంపులను పోల్చడానికి ఖగోళ శాస్త్రవేత్తలు వాడిన లెక్కనే మార్చి, ఈ చుక్కల ఫొటోలతో ఒక్కో చేపనూ గుర్తుపట్టే పద్ధతి తయారు చేశారు. తేదీ, చోటు రాసి షార్క్‌బుక్ అనే ఆన్‌లైన్ డేటాబేస్‌కి పంపితే, అది ఇంతకుముందు ఎక్కడెక్కడ కనిపించిందో చెబుతారు. నువ్వు పంపిన ఫొటో పరిశోధనకి నిజంగా పనికొస్తుంది.

నీ కళ్లద్దాల పవర్ ఎంతో ఈ వారంలోనే నాకు పంపు. పవర్ ఉన్న మాస్క్ అద్దాలు ఆర్డర్ చేస్తే రావడానికి టైం పడుతుంది, అవి వచ్చాక పూల్‌లో వాటితోనే సాధన చేయాలి.

ఆశీస్సులతో,
పిన్ని