సూది తిరిగితే కొండ తిరిగినట్టు కాదు

ప్రశ్న: ఎమ్మెస్సీ జియాలజీ చదువుతున్నాను. శివాలిక్ కొండల్లో రాతి పొరలు ఎంత తిరిగాయో వాటి అయస్కాంతత్వంతో కొలవాలని మా ప్రాజెక్టు. ముందు సాధనగా బెంగళూరు శివార్లలో ఒక గుట్ట మీద డోలరైట్ డైకులో (పగుల్లోకి చొచ్చుకొచ్చి చల్లారిన నల్లరాతి గోడ) 8 కోర్లు (డ్రిల్లుతో తీసిన రాతి కడ్డీలు) తీశాం. ఒకే రాయి, అయస్కాంత దిశలు మాత్రం ఎనిమిది రకాలు. తప్పెక్కడ?
– ఒక పాఠకురాలు, మల్లేశ్వరం, బెంగళూరు

జవాబు: గుట్ట మీద తీశారు కనుక మొదటి అనుమానం పిడుగు మీదే. పిడుగు పారినచోట రాయికి కొత్త అయస్కాంతత్వం అంటుకుంటుంది. బలం పక్క రాళ్లకంటే ఎన్నో రెట్లు ఎక్కువ, దిశ అడుగడుక్కీ వేరు. డ్రిల్లు పెట్టకముందే దిక్సూచిని రాతికి ఆనించి మెల్లగా జరపండి. జానెడు దూరంలోనే సూది పక్కకు లాగేస్తే ఆ చోటు వదిలేయండి. క్వారీలో కొత్తగా కోసిన గోడ అన్నిటికంటే మేలు. తీసిన కోర్లు మాత్రం పారేయకండి. ఆల్టర్నేటింగ్ ఫీల్డ్‌తో (అటూ ఇటూ దిశ మారే అయస్కాంత క్షేత్రం) అంచెలంచెలుగా 100 మిల్లీటెస్లా (క్షేత్రబలం కొలత) దాకా శుద్ధి చేస్తే, అంటే తర్వాత అంటుకున్న అయస్కాంతత్వాన్ని చెరిపితే, పిడుగు ముద్ర చాలావరకు పోతుంది. వేడితో అంత బాగా పోదు.

రెండో అనుమానం, కోరు మీద గీసిన దిశ గుర్తు. డోలరైటే సూదిని లాగుతుంది కాబట్టి నీడను బట్టి దిశ చూపే సూర్య దిక్సూచి తప్పదు. కానీ బెంగళూరు 13 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు, పొట్టి నీడ నిమిషాల్లోనే దిశ మార్చేస్తుంది. పొద్దున 10 లోపు, లేదా 3 దాటాక చూడండి. టైము నిమిషంతో సహా రాసుకోండి.

ఇక శివాలిక్. రాయిలో మిగిలిన దిక్పాతాన్ని (నిజ ఉత్తరం నుంచి అయస్కాంత దిశ పక్కకు జరిగిన కోణం), అదే వయసుకు భారత ఫలకపు ధ్రువాన్ని (ఆ కాలపు రాళ్లు చూపే అయస్కాంత ధ్రువం) బట్టి అక్కడ ఉండాల్సిన దిక్పాతంతో పోల్చాలి. ఆ తేడాయే నిలువు అక్షం చుట్టూ తిరుగుడు. అక్కడి ఎర్ర మట్టిరాయిలో హెమటైట్ అనే ఇనుప ఖనిజం ముఖ్యం, అందుకని శుద్ధికి అంచెలంచెలుగా 680 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి చేయాలి. 400 దాటాక బంకమన్నులోంచి కొత్త మాగ్నెటైట్ (మరో ఇనుప ఖనిజం) పుట్టొచ్చు. ప్రతి అంచె తర్వాతా ససెప్టిబిలిటీ (బయటి క్షేత్రానికి రాయి ఎంత సులువుగా అయస్కాంతమవుతుందో చెప్పే కొలత) కొలవండి, అది ఒక్కసారిగా ఎగబాకితే ఆపైన రీడింగులు నమ్మకండి.

చాలామంది దెబ్బతినేది మడతల దగ్గర. మడత ఇరుసు (పొరలు వంగిన గీత) వాలి ఉంటే ముందు ఇరుసును సమతలానికి తెచ్చి, ఆ తర్వాతే పొరల వాలు తీయాలి. నేరుగా పొరను పడుకోబెడితే లేని తిరుగుడు లెక్కలో పుట్టుకొస్తుంది.

సైటుకు 6 నుంచి 8 కోర్లు, సైట్లు కనీసం 10 పెట్టుకోండి. ఒక్క డైకు తాను చల్లారిన కొద్దికాలపు క్షేత్రాన్నే పట్టి ఉంచుతుంది, వేల ఏళ్ల సగటు అందులో దొరకదు. అవపాతం (సమతలం నుంచి అయస్కాంత దిశ వాలిన కోణం) 45 డిగ్రీలున్నచోట సగటు దిశలో 6 డిగ్రీల అనిశ్చితి ఉంటే, దిక్పాతానికి వచ్చేసరికి అది ఎనిమిదిన్నర అవుతుంది. ఆ డేటాతో 20 డిగ్రీల తిరుగుడు ధైర్యంగా చెప్పొచ్చు. 5 డిగ్రీలు వస్తే తిరిగిందని రాయకండి.