రెండు డిస్కులు కలిపే ముందు

చిన్నోడా,

నాలుగేసి టీబీల హార్డ్ డిస్కులు రెండు తెప్పించి, ఫైళ్లని ముక్కలు చేసి రెండిటికీ పంచే రెయిడ్ జీరో పెడుతున్నావని మీ అమ్మ నిన్న ఫోన్లో చెప్పింది. "ఏవో డిస్కులు అతికిస్తున్నాడు, అచ్చం నీలాగే" అంది. ఆ మాటకి పొంగిపోయాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

ముందు పని సంగతి. రెండిటికీ పార్టిషన్లు (డిస్కులో భాగాలు) జీపీటీ పద్ధతిలో పెట్టు, పాత ఎంబీఆర్ పద్ధతి 2 టీబీ దగ్గరే ఆగిపోతుంది. పార్టిషన్ 2048వ సెక్టార్ (డిస్కులో చిన్న గడి) నుంచి మొదలైందో లేదో చూసుకో. మా రోజుల్లో 63 నుంచి మొదలయ్యేది, ఇప్పటి 4 కేబీ సెక్టార్ల డిస్కుల మీద అలా పెడితే రాత నత్తనడకే. చంక్ సైజు, అంటే ఒక్కో డిస్కుకి ఒకసారి వెళ్లే ముక్క, లైనక్స్ తనంతట తాను ఇచ్చే 512 కేబీ నీ వీడియోలకి చాలు, కెలకకు. ఫైల్ సిస్టమ్ ఈఎక్స్‌టీ4 అయితే స్ట్రైడ్ (ఒక చంక్‌లో పట్టే 4 కేబీ బ్లాకులు) 128, స్ట్రైప్ విడ్త్ (రెండు డిస్కులకీ కలిపి) 256 రావాలి. డిస్కు లోపల తిరిగే ప్లేటు బయటి అంచున వేగం ఎక్కువ, డిస్కు మొదలయ్యేది అక్కడే, కాబట్టి ఎడిటింగ్ పని మొదటి పార్టిషన్లో పెట్టుకో. స్పీడు టెస్టుకి ర్యామ్ కంటే పెద్ద ఫైలు వాడు, లేకపోతే ర్యామ్ వేగం చూసి మురిసిపోతావు.

రెయిడ్‌లో 'ఆర్' అంటే రిడండెంట్, ఒకటి పోయినా ఆదుకునే అదనం అని. 1988లో బర్క్‌లీ వాళ్లు రాసిన పేపర్లో ఉన్నవి 1 నుంచి 5 లెవెళ్లే. సున్నా తర్వాత వచ్చి చేరింది. దాంట్లో రక్షణ కూడా సున్నాయే.

మీ అమ్మానాన్నల పెళ్లి వీడియో ఏదని చిన్నప్పుడు అడిగేవాడివి. టేపులకి బూజు పట్టిందని చెప్పేవాణ్ణి. అది అబద్ధంరా.

2004 మాఘమాసం. పెళ్లి మొత్తం ఏడు మినీ డీవీ (డిజిటల్ వీడియో) టేపులు. గంట టేపు 13 జీబీ, అంటే 91. నా దగ్గర ఉన్నవి 80 జీబీ డిస్కులు రెండు. మదర్‌బోర్డులోనే రెయిడ్ ఉందని రెండూ కలిపేసి, స్టూడియోకి వచ్చినవాళ్లందరికీ గొప్పగా చూపించాను. అంతా కంప్యూటర్లోకి ఎక్కేసింది కదా అని, కొత్త టేపులకి డబ్బుల్లేక, అవే టేపుల మీద ఇంకో పెళ్లి తీసేశాను. ఐదో రోజు పొద్దున ఒక డిస్కు టక్ టక్‌మంది. అంతే.

రెండోది నిక్షేపంలా ఉంది, అదే అసలు బాధ. డీవీలో ఒక్కో ఫ్రేము సుమారు 140 కేబీ. నేను పెట్టిన స్ట్రైప్, అంటే ముక్క సైజు, 64 కేబీ. ఇక్కడో ముక్క, అక్కడో ముక్క. బాగున్న డిస్కులో ఒక్క ఫ్రేము కూడా పూర్తిగా లేదు. తలంబ్రాలప్పుడు మీ అమ్మ నవ్వాపుకోలేక దోసిలి జార్చేసింది, బియ్యం మీ నాన్న ఒళ్లో పడ్డాయి. దగ్గరగా జూమ్ చేసి తీశాను. వదిన మళ్లీ ఒక్కసారి కూడా ఆ వీడియో ఊసెత్తలేదు. అడిగి తిట్టినా బాగుండేది.

అందుకని కెమెరా కార్డు చెరపకు, ఇంకో డిస్కులో కాపీ పడి, ఆ కాపీ తెరిచి ఆడించి చూసేదాకా. ఆ డిస్కు నేను పంపిస్తున్నాను, డబ్బుల మాట ఎత్తావంటే ఊరుకోను. అర్ధరాత్రి నిద్రమత్తులో ఫార్మాట్ కొట్టకు, ఏ డిస్కు ఏదో సీరియల్ నంబరు చూసి కాగితం అంటించుకో. వేళకి తిను.

మీ నాన్నకి సంక్రాంతికి వచ్చి నేనే చెబుతాను. అప్పటిదాకా నోరు మెదపకు.

బాబాయి