‘మహాభోజ్’ నాటకాన్ని నల్లగొండ, పాలమూరు పల్లెల్లో ఆడదలచినవారికి

మన్నూ భండారీ హిందీ నవల ‘మహాభోజ్’ను తెలుగులో నాటకంగా మలచి మన జిల్లాల్లో ఊరూరా ప్రదర్శించాలనుకుంటున్నామనీ, అందులోని రాజకీయ వ్యంగ్యం పల్లె ప్రేక్షకులకు అందుతుందా, నిడివి కోసం ఏ భాగాలు తగ్గించవచ్చునో చెప్పమనీ మీరు అడిగారు. దేవరకొండ, మిర్యాలగూడ, కల్వకుర్తి, అచ్చంపేట ప్రాంతాల్లో ఈ కథను ఆడిన ఒక చిన్న బృందంలో నేను పనిచేశాను. వ్యంగ్యం తప్పకుండా అందుతుంది. అయితే దానిని హాస్యంగా మార్చి నవ్వులు రాబట్టాలని చూస్తే అసలు దెబ్బ తగలకుండా పోతుంది.

1979లో వచ్చిన ఈ నవలను రచయిత్రే స్వయంగా నాటకంగా రాశారు. అమాల్ అల్లానా దర్శకత్వంలో జాతీయ నాటక విద్యాలయపు వృత్తి నటుల బృందం (రెపర్టరీ) 1982లో దానిని ప్రదర్శించింది. కాబట్టి నవలను మళ్లీ మొదటినుంచి దృశ్యాలుగా విడగొట్టే శ్రమ పెట్టుకోకుండా ఆ నాటక ప్రతినే ఆధారం చేసుకోవడం మంచిది. అనువాదానికీ ప్రదర్శనకూ లిఖితపూర్వక అనుమతి మాత్రం ముందే తీసుకోండి.

సరోహా అనే ఊరిలో బిసూ అనే యువకుడు శవమై కనిపిస్తాడు. హరిజనవాడను తగలబెట్టినవారిపై సాక్ష్యాలు కూడగట్టినవాడు అతను. అక్కడి అసెంబ్లీ స్థానానికి ఉప ఎన్నిక దగ్గరపడింది గనుక ఆ చావు వెంటనే రాజకీయమవుతుంది. ఇక్కడే మన ప్రేక్షకులు కథను తమదిగా చేసుకుంటారు. 2019లో హుజూర్‌నగర్, 2021లో నాగార్జునసాగర్, 2022లో మునుగోడు ఉప ఎన్నికలను చూసిన ఉమ్మడి నల్లగొండ జిల్లా వారికి ఒక్క స్థానం కోసం మొత్తం ప్రభుత్వం ఒక ఊరి మీద ఎందుకు దిగుతుందో వివరించవలసిన అవసరమే లేదు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తూటాకు బలైన కథ విని పెరిగిన పెద్దవాళ్లకు, ఒక సామాన్యుడి మరణం ఎంత దూరం పోగలదో ఇంకా బాగా తెలుసు.

హంతకుడెవరో ప్రేక్షకులు త్వరగానే గ్రహిస్తారు. దాచిపెట్టి ఉత్కంఠ పెంచాలని ప్రయత్నించకండి. ఈ నాటకానికి ప్రాణం, అందరికీ తెలిసిన నిజం కాగితం మీదికి వచ్చేసరికి ఎలా మారిపోతుందన్నదే. అందువల్ల ఎస్పీ సక్సేనా ఊరివాళ్ల వాంగ్మూలాలు తీసుకునే భాగాన్ని ఒక్క మాట కూడా తగ్గించకుండా ఉంచండి. మేము సాక్షుల పాత్రధారులను జనం మధ్యలోనే కూర్చోబెట్టి, పేరు పిలిచినప్పుడు అక్కడినుంచి లేచి వచ్చేలా చేశాము. ఒక ఊరిలో సాక్షి నోరు మెదపకపోతే ముందు వరుసలోని ముసలాయన “చెప్పు బిడ్డా, భయపడకు” అన్నాడు. మా నటుడు ఆ మాట విని కూడా పాత్ర ప్రకారం మౌనంగానే ఉండిపోయాడు. ఆ రోజు ఆ దృశ్యం మేము రిహార్సల్లో ఊహించినదానికంటే ఎన్నో రెట్లు బలంగా నిలిచింది.

ముఖ్యమంత్రి దా సాహెబ్ పాత్ర విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఆయన గీతను ప్రమాణంగా చెప్పుకునే మనిషి, మాట మెత్తన, నిరాడంబరుడు. బిసూను పోగొట్టుకున్న తండ్రి హీరా గుడిసెకు తానే వెళ్లి, అతన్ని వెంటబెట్టుకుని తీసుకువచ్చి, గృహ పరిశ్రమల పథకాన్ని అతని చేతులమీదుగానే ప్రారంభింపజేస్తాడు. ఈ పాత్రను మీసం మెలేసే దుర్మార్గుడిగా ఆడితే జనం నవ్వి మరిచిపోతారు. నిజమైన ఆప్యాయతతో ఆడితేనే, ఆ తండ్రి కృతజ్ఞతతో చేతులు జోడించేటప్పుడు చూసేవారికి కడుపులో దేవినట్టవుతుంది. ‘మశాల్’ పత్రిక సంపాదకుడు దత్తా బాబు మెల్లగా లొంగిపోయే తీరును కూడా ఇలాగే అతి లేకుండా చూపించాలి. మంత్రివర్గంలోని ముఠా తగాదాలనూ ప్రతిపక్ష నాయకుడు సుకుల్ బాబు సభ ఉపన్యాసాన్నీ మాత్రం ధైర్యంగా కుదించవచ్చు.

ఊరివాళ్లకు స్థానిక యాస, అధికారులకు పుస్తకాల తెలుగు పెట్టండి. నల్లగొండ మాట, పాలమూరు మాట ఒకటి కావు కాబట్టి నటులు తమ ఊరి యాసలోనే మాట్లాడటం మేలు. చిందు యక్షగానం చూసి పెరిగిన జనానికి నటుడు నేరుగా తమతో మాట్లాడటం కొత్త కాదు. తెలంగాణ రైతాంగ పోరాటంపై 1947లో వచ్చిన ‘మా భూమి’ నాటకాన్ని ప్రజానాట్యమండలి ఊళ్లలోకి తీసుకెళ్లిన చరిత్ర కూడా మనకుంది. పెద్ద సెట్లు అక్కర్లేదు, ఒక బల్ల, రెండు కుర్చీలు, ఒక ఫైలు చాలు. చివర బిసూ స్నేహితుడు బిందాపైనే హత్యానేరం మోపడాన్ని మార్చి, న్యాయం గెలిచినట్టు చూపమని కొందరు అడుగుతారు, ఒప్పుకోకండి.

రాత్రి పది దాటితే ఆరుబయట మైకు వాడకూడదు కాబట్టి ఏడున్నరకే మొదలుపెట్టి రెండు గంటల్లో ముగించేలా ప్రతిని సిద్ధం చేసుకోండి. పోలీస్ స్టేషన్‌లో మైకు అనుమతికి దరఖాస్తు ఇచ్చేటప్పుడు కథాసారాంశం కూడా జతచేయండి, ఎన్నికల నియమావళి అమల్లో ఉన్న రోజుల్లో తేదీలు పెట్టుకోకండి. వరికోతలు అయిపోయాక, వలస వెళ్లినవాళ్లు పండుగకు ఇళ్లకు చేరిన సమయంలో పెట్టుకుంటే పాలమూరు వైపు జనం బాగా వస్తారు.